నాన్నకు వినపడని పాట: ఇంట్లోనే మ్యూజికల్ గ్రీటింగ్ కార్డ్ ఇలా చేశా

ఈరోజు టేబుల్ మీద రెండు వస్తువులు పెట్టాను, చూడండి. ఒకటి చార్ట్ పేపర్ మడిచి చేసిన గ్రీటింగ్ కార్డ్. తెరిస్తే పాట వస్తుంది. రెండోది ఎవరిదో పెళ్లి శుభలేఖ వచ్చిన అట్ట డబ్బా. దీని మూత తీసినా పాట వస్తుంది. రెండింట్లో ఉన్నది ఒకే రకం చిప్. కోడ్ కూడా ముప్పాతిక వంతు అదే. కానీ మొదటిది ఫెయిల్ అయింది. వైర్ ఊడిపోలేదు, బ్యాటరీ అయిపోలేదు, పాట చక్కగా మోగింది. ఎవరి కోసం చేశానో ఆయనకే వినపడలేదు.

ఆయన మా నాన్న. మాది రామగిరి మండలం, సెంటినరీ కాలనీ పక్కన. అటు చూస్తే రామగిరి ఖిల్లా గుట్ట, ఇటు చూస్తే బొగ్గు బావులు. ఊళ్లో సగం మంది బాయి పనికి పోతే, మా నాన్న మాత్రం రోడ్డు మీద సొంతంగా వెల్డింగ్ షాపు పెట్టుకున్నాడు. గేట్లు, కిటికీ గ్రిల్స్, ట్రాక్టర్ ట్రాలీలు. నేను బీటెక్ చదివింది, హైదరాబాద్‌లో నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ జాబ్ చేసింది, ఆ జాబ్ వదిలేసి ఈ వీడియోలు మొదలుపెట్టింది, అన్నీ ఆ షాపు మీదే. ఈమధ్యే నాన్నకు అరవై నిండాయి. షర్ట్ పీసు, స్వీట్ బాక్సు ఎవరైనా తెస్తారు. నేను చేత్తో చేసింది ఏదైనా ఇద్దామనుకున్నా.

ముందు మొదటి కార్డ్ ఎలా పనిచేస్తుందో చెప్తాను. ఆ తర్వాత అసలు కథ.

షాపుల్లో దొరికే మ్యూజికల్ కార్డ్‌ను ఎప్పుడైనా విప్పి చూశారా? లోపల చిన్న పచ్చ బోర్డు, దాని మీద నల్లటి బొట్టు ఉంటుంది. ఆ బొట్టు కిందే చిప్. పాట ఫ్యాక్టరీలోనే దాంట్లో పోసేస్తారు, మనం మార్చలేం. డిప్లొమా, బీటెక్ వాళ్లకు యూఎం 66 అనే మూడు కాళ్ల ఐసీ గుర్తుండే ఉంటుంది. చూడ్డానికి ట్రాన్సిస్టర్‌లా ఉంటుంది, కరెంటు ఇస్తే ట్యూన్ వాయిస్తుంది. దాంట్లోనూ అంతే, ఉన్న ట్యూనే వినాలి. మనకు కావలసిన ట్యూన్ రావాలంటే మనం ప్రోగ్రామ్ రాయగలిగే చిప్ కావాలి. నేను వాడింది ఏటీటైనీ 85. ఎనిమిదే కాళ్లు, చింతగింజ కన్నా చిన్నది. మెమరీ 8 కిలోబైట్లు. మీ ఫోన్‌లో ఒక్క ఫొటో దీనికి వందల రెట్లు ఉంటుంది. కానీ పాటకు అదే చాలా ఎక్కువ. ఎందుకంటే మనం పాటను రికార్డు చేయట్లేదు. ఏ స్వరం, ఎంతసేపు అని రెండు అంకెలు రాస్తున్నాం, అంతే.

స్వరం అంటే ఏంటి? గాలి సెకనుకు ఎన్నిసార్లు ఊగిందో ఆ లెక్క. సెకనుకు 440 సార్లు ఊగితే 440 హెర్ట్జ్. చిప్ కాలును ఆన్, ఆఫ్, ఆన్, ఆఫ్ అంటూ సెకనుకు 440 సార్లు చేస్తే ఆ స్వరం వస్తుంది. అంటే 1136 మైక్రోసెకన్లు ఆన్, మళ్లీ అంతసేపు ఆఫ్. స 262 అనుకుంటే రి 294, గ 330, మ 349, ప 392, ద 440, ని 494, పై స 523. స్థాయి ఒకటి పెరిగితే అంకె రెట్టింపు అవుతుంది. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

సౌండ్ కోసం పీజో ప్లేట్ పెట్టాను. ఇత్తడి బిళ్ల మీద తెల్లటి పూత ఉంటుంది చూడండి, అదే. కొన్ని పదార్థాలను నొక్కితే కరెంటు పుడుతుందని 1880లో పియరీ క్యూరీ, జాక్ క్యూరీ అనే అన్నదమ్ములు కనిపెట్టారు. ఇక్కడ మనం అదే పనిని తిప్పి చేస్తున్నాం. కరెంటు ఇస్తే ఆ పూత సాగుతుంది, ముడుచుకుంటుంది, బిళ్ల వంగుతుంది, గాలి ఊగుతుంది. కాగితమంత పలచన, కరెంటు చాలా తక్కువ తింటుంది. కార్డ్‌కు దీన్ని మించింది లేదు.

కనెక్షన్ ఈజీ. చిప్ మీద ఒక చుక్క ఉంటుంది. దాని పక్కనున్నది 1వ కాలు. అక్కడి నుంచి కిందికి 4 వరకు, తర్వాత అవతలి వైపు కింది నుంచి పైకి 5 నుంచి 8 వరకు లెక్కపెట్టండి. 8కి బ్యాటరీ ప్లస్, 4కి మైనస్. పీజో ఒక వైరు 5కి, ఇంకోటి 4కి. బ్యాటరీ సీఆర్ 2032, మూడు వోల్టుల బటన్ సెల్. రెండు జాగ్రత్తలు చెప్పాలి. బటన్ సెల్ మీద నేరుగా సోల్డరింగ్ చేయకండి, వేడికి పగలొచ్చు. హోల్డర్ వాడండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే సెల్ ఊడి రాకుండా గట్టిగా టేపు వేయండి. మింగితే రెండు గంటల్లోనే ఆహార నాళం కాలిపోయే ప్రమాదం ఉంది. ఇది మాత్రం లైట్ తీసుకోవద్దు.

ఇక తెరిస్తేనే మోగాలి, మూస్తే ఆగాలి. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, వెంటనే చిప్‌ను నిద్రపుచ్చే కోడ్, ఇంటరప్ట్, ఇలా మొదలుపెట్టాను. నిద్రపుచ్చకపోతే చిప్ సుమారు ఒక మిల్లీ ఆంప్ తింటుందనుకోండి, 220 మిల్లీ ఆంప్ అవర్ సెల్ తొమ్మిది రోజుల్లో ఖాళీ. అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ చూస్తోంది. "కొత్త బొమ్మ కొంటే సెల్లు కాడ ప్లాస్టిక్ ముక్క పెడ్తరు గదరా, గట్ల పెట్టరాదు?" అంది. రెండు గంటల నుంచి రాస్తున్న కోడ్ అంతా డిలీట్ చేశాను. రెండు రాగి రేకులు, మధ్యలో అట్ట నాలుక. నాలుక కొసను కార్డ్ రెండో వైపు అతికించాలి. తెరిస్తే నాలుక జరుగుతుంది, రేకులు కలుస్తాయి, పాట మొదలవుతుంది. మూస్తే కరెంటు పూర్తిగా కట్. ప్రోగ్రామ్‌తో పనే లేదు.

ప్రోగ్రామ్ ఎక్కించడానికి ఆర్డునో ఊనో వాడాను. ఊనో 10, 11, 12, 13 పిన్నులను చిప్ 1, 5, 6, 7 కాళ్లకు అదే వరుసలో కలపాలి. 5 వోల్టులు 8కి, గ్రౌండ్ 4కి. ఊనో రీసెట్‌కు, గ్రౌండ్‌కు మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాలి. కోఠి గుజరాతీ గల్లీలో సామాన్లన్నీ తెచ్చుకున్నా. ఊనో నా దగ్గర ముందే ఉంది, అది కాక మిగతావి నాకు మూడొందల లోపే అయ్యాయి.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. కథ మొత్తం ఇక్కడే ఉంది.

పీజో ప్లేట్ అన్ని స్వరాలనూ ఒకేలా వాయించదు. నేను తెచ్చిన 27 మిల్లీమీటర్ల బిళ్లకు 4000 హెర్ట్జ్ దగ్గరలో బలం ఎక్కువ. అక్కడ చెవులు చిల్లులు పడేలా మోగుతుంది, కిందికి వచ్చేకొద్దీ నీరసం. అందుకే నేను బర్త్‌డే ట్యూన్ మొత్తాన్ని మూడు స్థాయిలు పైకి జరిపాను. 262 అన్నది 2093 దగ్గర, 440 అన్నది 3520 దగ్గర వచ్చాయి. ఇంజనీర్‌గా అది కరెక్ట్ నిర్ణయమే.

మొదటిసారి ఎక్కించినప్పుడు రాత్రి పదకొండు దాటింది. బాయి రెండో షిఫ్టు దిగిన వాళ్ల బండ్లు రోడ్డు మీద పోతున్నాయి. పీజోను మా బీరువా తలుపుకు టేపుతో అతికించి టెస్ట్ చేశా, రేకు మీద సౌండ్ పెద్దగా వస్తుందని. ఆన్ చేస్తే పాట కాదు, ముసలి ఎద్దు మూలిగినట్టు గుర్రుమని ఒక మోత. అంతా నత్తనడక. ముందు గదిలో పడుకున్న నాన్న లేచి, "ఏం సప్పుడురా అది? బీరువల ఎలుక జొచ్చిందా?" అన్నాడు. సర్‌ప్రైజ్ పాడవుతుందని, ఫోన్ వైబ్రేషన్ అని చెప్పి పడుకోబెట్టాను.

తప్పు ఎక్కడో అరగంటకు దొరికింది. ఈ చిప్ ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు సెకనుకు పది లక్షల అడుగుల స్పీడులో నడుస్తుంది, అంటే ఒక మెగాహెర్ట్జ్. నేను కోడ్‌లో ఎనిమిది అని చెప్పాను కానీ చిప్‌లో ఆ సెట్టింగ్ మార్చలేదు. ఆర్డునో సాఫ్ట్‌వేర్‌లో 'బర్న్ బూట్‌లోడర్' అని ఉంటుంది, అది ఒకసారి నొక్కాలి. నొక్కకపోతే అంతా ఎనిమిది రెట్లు నెమ్మది. ఎనిమిది అంటే రెండు ఇంటు రెండు ఇంటు రెండు. సరిగ్గా మూడు స్థాయిలు కిందికి. నేను పైకి జరిపిన మూడు స్థాయిలూ పోయాయి. 3520 కాస్తా మళ్లీ 440 అయింది. సెట్టింగ్ మార్చాను, పాట తేటగా, పిట్ట కూసినట్టు వచ్చింది. ఆ రాత్రి పది, పదిహేనుసార్లు వాయించుకుని మురిసిపోయాను. నాన్న మళ్లీ లేవలేదు. నిద్రపట్టి ఉంటుందనుకున్నా.

పుట్టినరోజు నాడు చుట్టాలొచ్చారు. కేకు కోశాక కార్డ్ చేతికిచ్చాను. నాన్న తెరిచాడు. పాట మొదలైంది. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. నాన్న కార్డ్‌ను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, లోపలికి తొంగి చూశాడు. "మంచిగున్నది బిడ్డా, మస్తు కష్టవడ్డవు. గని లైటు ఎలుగుతలేదేంది?" అన్నాడు.

అందరూ ఘొల్లున నవ్వారు. నాన్న కూడా నవ్వాడు, ఎందుకో తెలియకపోయినా. పాట ఇంకా మోగుతూనే ఉంది. నేను నవ్వలేకపోయాను. ఆయన చేతిలోనే, ముఖానికి జానెడు దూరంలో పాట మోగుతుంటే, ఆయన లైటు కోసం వెతుకుతున్నాడు.

ఆ రాత్రి పాత సంగతులన్నీ వరుసగా గుర్తొచ్చాయి. హైదరాబాద్ నుంచి ఫోన్ చేస్తే నాన్న "ఆఁ, మంచిదే, అమ్మకిస్త" అని రెండు ముక్కల్లో ముగించేవాడు. జాబ్ వదిలేశానని కోపం అనుకున్నాను. రెండేళ్లు అలాగే అనుకున్నాను, ఫ్రెండ్స్. ఏదైనా అడిగితే "ఆఁ ఆఁ" అని తలూపి, తర్వాత ఇంకోటి చేసేవాడు. నా మాటంటే లెక్కలేదనుకున్నా. నా వీడియో చూపిస్తే సగంలో ఫోన్ తిరిగిచ్చేసేవాడు. నచ్చలేదనుకున్నా. అదే మనిషి, బీరువాకు పీజో గుర్రుమంటే అవతలి గదిలో నిద్రలోంచి లేచాడు. అంటే చెవుడు కాదు. తక్కువ స్వరం వినపడింది, ఎక్కువ స్వరం వినపడలేదు. నా బగ్ ఆయనకు వినపడింది. నేను సరిచేశాకే ఆయనకు వినపడలేదు.

మరుసటి వారం కరీంనగర్‌లో ఒక ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాం. హెడ్‌ఫోన్ పెట్టి ఒక్కో స్వరం వినిపిస్తూ గ్రాఫ్ గీస్తారు, దాన్ని ఆడియోగ్రామ్ అంటారు. నాన్న గ్రాఫ్ 500 హెర్ట్జ్ దగ్గర దాదాపు మామూలుగానే ఉంది. 2000 నుంచి జారడం మొదలై, 4000 దగ్గర బావిలో పడ్డట్టు పడిపోయింది. డాక్టర్ చూడగానే "ఏం పని చేస్తారు?" అని అడిగాడు. పెద్ద శబ్దంలో ఏళ్ల తరబడి పనిచేసిన వాళ్ల చెవి ముందుగా దెబ్బతినేది 4000 చుట్టుపక్కలేనట. లోపలి చెవిలో సన్నటి రోమాల్లాంటి కణాలుంటాయి, ఒకసారి చస్తే మళ్లీ పుట్టవు. నా పీజో ఎక్కడ బలంగా మోగుతుందో, సరిగ్గా అక్కడే నాన్న చెవి పోయింది.

ఎవరి తప్పు అంటే ఏం చెప్పను. సొంత షాపు, సొంత గ్రైండర్. కళ్లకు అద్దం పెట్టుకునేవాడు, ఎందుకంటే నిప్పురవ్వ కనపడుతుంది. శబ్దం కనపడదు కదా. లెక్క ఏంటంటే, 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకు ఎనిమిది గంటలు హద్దు. ఆపైన మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా టైము సగం చేయాలి. 88కి నాలుగు గంటలు, 91కి రెండు, అలా పోతే 100కి పదిహేను నిమిషాలు. ఇనుము కోసే గ్రైండర్ 100 దాకా పోతుంది. నాన్న పదిహేను నిమిషాలు కాదు, ముప్పై ఏళ్లు కోశాడు.

ఇంకో సంగతి కూడా అప్పుడే అర్థమైంది. మన మాటల్లో అ, ఆ, ఓ లాంటి అచ్చులు తక్కువ స్వరాల్లో ఉంటాయి. స, శ, త, క లాంటి వాటి పదును ఎక్కువ స్వరాల్లో ఉంటుంది. ఆ పదును పోతే మాట వినపడుతుంది, కానీ ఏ మాటో తెలియదు. అందుకే వాళ్లు "ఇనవడ్తలేదు" అనరు, "మంచిగ మాట్లాడు, గొణుగకు" అంటారు. పైగా పాత రకం ఫోన్ కాల్ అయితే 3400 హెర్ట్జ్ పైనున్న శబ్దాన్ని ముందే కోసేస్తుంది. మిగిలిందాంట్లో నాన్న చెవి ఇంకొంత కోసేస్తుంది. ఇక ఆయన "అమ్మకిస్త" అనక ఏం చేస్తాడు?

సరే, ఇప్పుడు ఈ డబ్బా. రెండో వెర్షన్.

ఈసారి నాన్న గ్రాఫ్ ముందు పెట్టుకుని డిజైన్ చేశాను. స్వరాలన్నీ 262 నుంచి 523 మధ్యలోనే. అక్కడ పీజోకు బలం లేదు కాబట్టి అది తీసేసి, రెండుంపావు అంగుళాల ఎనిమిది ఓమ్‌ల స్పీకర్ పెట్టాను. స్పీకర్ కరెంటు ఎక్కువ అడుగుతుంది, బటన్ సెల్ కూలబడుతుంది. అందుకే రిమోట్‌లో వేసే సన్న సెల్స్ రెండు. చిప్ కాలు కూడా నేరుగా అంత కరెంటు ఇవ్వలేదు, మధ్యలో బీసీ 547 ట్రాన్సిస్టర్ కావాలి. చిప్ 5వ కాలు నుంచి ఒక కిలో ఓమ్ రెసిస్టర్ మీదుగా ట్రాన్సిస్టర్ బేస్‌కు. సెల్ ప్లస్ నుంచి 33 ఓమ్‌ల రెసిస్టర్, దాని తర్వాత స్పీకర్, అక్కడి నుంచి కలెక్టర్‌కు. ఎమిటర్ మైనస్‌కు. ఒకటి మర్చిపోవద్దు. పాట అయిపోయాక 5వ కాలును కచ్చితంగా ఆఫ్‌లో వదలాలి. ఆన్‌లో ఆగిపోతే స్పీకర్‌లో కరెంటు పారుతూనే ఉంటుంది, సెల్స్ అయిపోతాయి.

ఇదంతా పలచటి కార్డ్‌లో పట్టదు. అందుకే శుభలేఖ డబ్బా. లోపల ఖాళీ ఉంటే తక్కువ స్వరాలు ఇంకా నిండుగా వస్తాయి. పైగా మన చర్మానికి 250 హెర్ట్జ్ చుట్టుపక్కల అదురు బాగా తెలుస్తుంది. డబ్బా చేత్తో పట్టుకుంటే పాట చెవికే కాదు, వేళ్లకు కూడా అందుతుంది.

ట్యూన్ కూడా మార్చాను. నా చిన్నప్పుడు నాన్న షాపు షట్టర్ దించుతూ ఒక ట్యూన్ ఈల వేసేవాడు. ఏ సినిమాదీ కాదు, ఆయన సొంతం. అది వినపడితే అమ్మ అన్నం వడ్డించేది. ఎప్పుడు ఆగిపోయిందో మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు. అమ్మను అడిగితే వంటింట్లో నిలబడి కూనిరాగం తీసింది. ఫోన్‌లో రికార్డు చేసి, ట్యూనర్ యాప్‌తో ఒక్కో స్వరం పట్టుకున్నా. మొత్తం పదకొండు స్వరాలు. ఇరవై రెండు అంకెలు.

ఈసారి చుట్టాలు లేరు, కేకు లేదు. పొద్దున చాయ్ తాగుతుంటే డబ్బా చేతిలో పెట్టాను. నాన్న మూత తీశాడు. మొదటి రెండు స్వరాలకు కదల్లేదు. మూడోదానికి డబ్బాను రెండు చేతులతో పట్టుకున్నాడు. పాట అయిపోయింది. మూత పెట్టి, మళ్లీ తీశాడు. మళ్లీ విన్నాడు. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నా. నాన్న తల అడ్డంగా ఊపి, "స్పీడ్ జేసినవ్‌రా. నేను గింత ఉరుకులాడకపోదు" అన్నాడు.

తప్పు పట్టాడు, ఫ్రెండ్స్. నేను చేసిన పనిలో మా నాన్న తప్పు పట్టాడంటే, విన్నాడన్నమాట. ఒక్కో స్వరానికి 250 మిల్లీసెకన్లు పెట్టాను, 400 చేశాను. ఆయన పక్కనే కూర్చుని సరిచేయించుకున్నాడు. ఎనిమిదో స్వరం ఇంకా సాగాలన్నాడు, అది 600 చేశాం.

కొత్త చెవులైతే రాలేదు. వినికిడి మిషన్ ట్రయల్‌కు ఒప్పుకున్నాడు, డేట్ తీసుకున్నాం. గ్రైండర్ పట్టేటప్పుడు పెట్టుకోమని ఇయర్ మఫ్స్ తెచ్చిస్తే, "గివి పెట్టుకుంటే గిరాకీ మాట ఎట్ల ఇనవడ్తది?" అని కొన్నాళ్లు మేకుకు తగిలించాడు. ఇప్పుడు పెట్టుకుంటున్నాడు. షాపులో పనిచేసే పిల్లగాడికి కూడా ఒక జత తెమ్మన్నాడు. ఇక నేను మాట్లాడే పద్ధతి మార్చుకున్నాను. ఎదురుగా నిలబడి, ముఖం కనపడేలా, నెమ్మదిగా. అరవడం లేదు. అరిస్తే పదును రాదు, కోపం మాత్రమే వస్తుంది.

మీలో చాలామంది ఇప్పుడు ఇయర్‌ఫోన్స్‌తోనే చూస్తుంటారు. డబ్ల్యూహెచ్‌ఓ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్‌లో వారానికి 40 గంటలు సేఫ్. చాలా ఫోన్లు ఫుల్ సౌండ్‌లో 100 దాటగలవు. ఆ లెక్క ఇందాక చెప్పాను కదా, గ్రైండర్ మీ చెవిలోనే ఉన్నట్టు. ఒక గీత తగ్గించండి.

ఇంకో చిన్న పని. ఏదైనా టోన్ జనరేటర్ యాప్ వేసుకుని, సౌండ్ తక్కువలో పెట్టి, ముందు 500, తర్వాత 4000 మీ అమ్మానాన్నలకు స్పీకర్‌లో వినిపించండి. మీకు స్పష్టంగా వినపడేది వాళ్లకు అస్సలు వినపడకపోతే అనుమానించండి. ఇది టెస్ట్ కాదు, అసలు టెస్ట్ డాక్టర్ దగ్గరే. కానీ బయల్దేరడానికి ఒక కారణం దొరుకుతుంది. మిల్లులో, క్రషర్‌లో, బోరు బండి మీద, బాయిలో, ఎక్కడ పెద్ద చప్పుడులో పనిచేసిన వాళ్లున్నా వాళ్లకు ముందు చూపించండి.

మొదటి కార్డ్ పారేయలేదు. అమ్మ దగ్గర ఉంది. ఆమెకు బాగానే వినపడుతుంది. డబ్బా మాత్రం షాపులో, గల్లా పెట్టె పక్కన ఉంటుంది. సాయంత్రం షట్టర్ దించే ముందు నాన్న దాని మూత ఒకసారి తీస్తాడు.

ఇదీ ఈరోజు ఎపిసోడ్. కార్డ్ చేయండి, మీకు నచ్చిన ట్యూన్ పెట్టండి. కానీ ఎవరి కోసం చేస్తున్నారో, సోల్డరింగ్‌కు ముందే వాళ్లకు ఒకసారి వినిపించండి. ఉంటాను ఫ్రెండ్స్, మళ్లీ కలుద్దాం.